లాల గది

వైశాఖ శుద్ధ తదియ

ఈ ఏడాదికి కొలను ఇవాళ తెరిచాం. నీళ్ళు తేటగా ఉన్నాయి, ఎండ బాగుంది, పిల్లల ఏడుపు మాత్రం ఏడో తెప్ప దాకా వినబడి ఉంటుంది.

ఇక్కడ రోజూ ఏం జరిగిందో ఒక్క వాక్యంలో చెప్పమంటాడు మునసబు. మునసబంటే మనిషి కాదు. తెప్పల మధ్య తాళ్ళు, తలుపులు, మంచినీళ్ళు, గంటలు అన్నీ చూసుకునే యంత్రానికి మా పెద్దవాళ్ళు పెట్టిన పేరు. లంకలన్నీ మునిగిపోయి జనమంతా తెప్పల మీదికి ఎక్కిన రోజుల్లో, ఊరు పోయినా మునసబు పెత్తనం పోలేదని నవ్వుకుంటూ పెట్టుకున్నారట. ఒక్క వాక్యంలో చెప్పడం నా వల్ల కాదు. నా పేరు సీతారత్నం. మూడో తెప్ప మీద ఈత కొలనులో బట్టలు మార్చుకునే గదులు చూసుకునేది నేనే. నాకు నోరు కాస్త ఎక్కువని అన్ని తెప్పలకూ తెలుసు. కాబట్టి నా ధోరణిలోనే చెబుతాను, వాడు దాచుకుంటే దాచుకుంటాడు.

గదులంటున్నాను గానీ అవిప్పుడు గూళ్ళు. ఆరేళ్ళ కిందట నీటిజ్వరం వచ్చి చాలామంది పోయాక, నలుగురి తడిబట్టలు కలిసే చోటు ఉండకూడదని పాత గది పీకేసి ఈ గూళ్ళు వరసగా పెట్టారు. ఒక్కో గూటిలో ఒక్క మనిషే పడతాడు. ఇటునుంచి ఎక్కితే తలుపు మూసుకుంటుంది. నీలం వెలుతురు పడుతుంది, నలువైపుల నుంచీ నీళ్ళు చిమ్ముతాయి, ఆ తర్వాత వేడిగాలి. ఒళ్ళు శుభ్రమైందని మునసబుకు నమ్మకం కలిగాకే కొలను వైపు తలుపు తెరుచుకుంటుంది. తిరిగి వెళ్ళేటప్పుడూ అంతే. పెద్దవాళ్ళకు హాయిగానే ఉంటుంది, ఆ వేడిగాలికి నా మోకాళ్ళు దండం పెట్టుకుంటాయి. నాలుగేళ్ళు కూడా నిండని పిల్లకు అలా ఉండదు.

ఇవాళ రెండో తెప్ప నుంచి నూకరాజు వచ్చాడు. తెప్పల తాళ్ళు బిగించే పని వాడిది. చంకలో ఇప్పుడిప్పుడే కూర్చోవడం నేర్చిన కొడుకు, వేలు పట్టుకుని కూతురు పైడి. చంకలో ఉన్న పిల్లాణ్ణి మునసబు తండ్రితో కలిపి ఒకే మనిషిగా లెక్కేస్తాడు. నడిచే పిల్ల వేరే మనిషి. అందుకని పైడి ఒక్కతే గూటిలోకి వెళ్ళాలి. వెళ్ళింది. తలుపు మూసుకుంది. ఆ తర్వాత అది పెట్టిన కేకను క్యూలో ఉన్న పిల్లలందరూ అందుకున్నారు.

"తలుపు తియ్యించండి రత్నమత్తా! పిల్ల గుక్కపట్టేత్తంది!" అని నూకరాజు గూడు బాదాడు.

"లోపల ఒకరు ఉన్నారు. దయచేసి వేచి ఉండండి" అన్నాడు మునసబు.

"ఆ ఒకరు వీడి కూతురేనయ్యా! తియ్యి!" అన్నాను నేను.

"పని పూర్తి కాలేదు. దయచేసి వేచి ఉండండి."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, వీడి వరస అదే. పైడి కొలను వైపుకి వచ్చేసరికి దాని పెదాలు వణుకుతున్నాయి. తండ్రి తన గూటిలోంచి బయటపడేదాకా నేనే ఎత్తుకున్నాను. వాడు రాగానే వాడి మెడ పట్టుకుంది, ఇక వదలలేదు, కొలను వైపు కన్నెత్తి చూడలేదు. ఇంటికి వెళ్ళాలన్నా మళ్ళీ గూడే కదా, మళ్ళీ అదే ఏడుపు.

తెప్పల మీద పుట్టిన ప్రతి పిల్లా మూడేళ్ళు నిండాక, మృగశిర కార్తె వచ్చేలోగా కొలనులో వెల్లకిలా తేలి చూపించాలి. ఈదక్కర్లేదు, తేలితే చాలు. వానాకాలంలో తెప్పలు ఊగి పిల్లలు నీళ్ళలో పడటం మామూలే. మొహం ఆకాశం వైపు ఉంటే కొంగలు గుర్తుపట్టి ఎత్తుకొస్తాయి. కొంగలంటే మా మీద ఎగురుతూ కాపలా కాసే యంత్రాలు. బోర్లా ఉన్న పిల్ల వాటికి కనబడదు. అందుకే తేలలేని పిల్ల ఉన్న ఇంటిల్లిపాదినీ వానలకు ముందే గట్టుకు, కొండల్లోని బసలకు పంపేస్తారు. తెప్ప మీద వాళ్ళ చోటు ఇంకొకరికి పోతుంది.

నూకరాజు భార్య గంగాభవాని నడిసముద్రంలో గాలిమరల మీద పని చేస్తోంది. ఆశ్వయుజం దాకా రాదు. వచ్చే పడవ తెప్పలకే వస్తుంది, గట్టు ముఖం చూడదు. వీళ్ళు కొండల్లోకి పోతే భవాని ఉద్యోగమైనా వదులుకోవాలి, పిల్లల్నైనా వదులుకోవాలి.

"దీనికి నీళ్ళంటే భయమత్తా. మేం గట్టెక్కేయడమే" అన్నాడు నూకరాజు వెళుతూ.

కొలను నీళ్ళు అది ఇంకా చూడనే లేదు. ఆ మాట నాకు వాడు వెళ్ళిపోయాక తట్టింది.

వైశాఖ శుద్ధ నవమి

చిన్నపిల్లలు తగ్గిపోతున్నారు. ఒకరికి జలుబట, ఒకరికి చెవిపోటట, ఒకావిడ మా పిల్లకు ముహూర్తం బాలేదంది. అసలు సంగతి నాకు తెలుసు. రెండు చేతులున్న తల్లి ముగ్గురు పిల్లల్ని మూడు గూళ్ళలో పెట్టి, నాలుగో గూటిలో తను దూరి, అటువైపు ముందు ఎవరు బయటపడతారో తెలియక, తడి కాళ్ళతో పరుగెత్తాలి. అంతకంటే ఇంట్లో కూర్చుని పిల్లకు జలుబు చేసిందనడం సుఖం.

పాత గది గుర్తొస్తోంది. పొడుగ్గా ఉండేది. కొబ్బరి మొద్దులు కోసి వేసిన బెంచీలు, గోడకు చెక్కమేకులు, నేల ఎప్పుడూ తడి. లోపల అడుగు పెడితే బ్లీచింగు వాసన, కొబ్బరినూనె వాసన, ఎవరో మూత తీసిన డబ్బాలోంచి పప్పుచెక్కల వాసన. ఈత కొట్టొచ్చిన పిల్లలు కొండనైనా మింగేస్తారు కదా. ఒకరి పిల్ల తల ఇంకొకరు తుడిచేవాళ్ళు. సూరమ్మ అని ఒకావిడ ఉండేది, ఆవిడకు పిల్లల్లేరు. తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మం పక్కన కూర్చుని దొరికిన తలనల్లా తుడిచి పంపేది. ఎవరి లాగు ఎవరు తొడుక్కుపోయారో సాయంత్రం దాకా తెలిసేది కాదు. మా అమ్మాయి ఒకసారి రెండు లాగులు వేసుకుని ఇంటికొచ్చింది, పక్కింటి కుర్రాడు ఒక్కటీ లేకుండా వెళ్ళాడు. రెండిళ్ళవాళ్ళమూ కడుపు పట్టుకుని నవ్వాం.

ఆ గది పీకేసినప్పుడు నేను ఏడవలేదు. జ్వరం భయంలో అందుకు తీరికెక్కడిది? ఇప్పుడు ఈ గూళ్ళ వరస ముందు కూర్చుంటే ఏడుపొస్తోంది. సూరమ్మ ఆ జ్వరంలోనే పోయింది.

తెప్పల బోర్డులో ఇంజనీరు హైమవతికి కబురు పెట్టాను. గట్టు మీద పుట్టిన పిల్ల, తెప్ప కాస్త ఊగితే చాలు గోడ పట్టుకుంటుంది. వస్తే కడిగేద్దామని కూర్చున్నాను గానీ, వచ్చీ రాగానే ఒక గూటిలో దూరి తలుపు వేసుకుని, లోపలే చతికిలబడింది. బయటికి వచ్చి, "నేల మీద కూర్చుని చూస్తే చాలా భయంగా ఉంది సీతారత్నం గారూ. వెలుతురంతా నెత్తి మీదే పడుతోంది. నేను నిలబడి చూసి మాత్రమే సంతకం పెట్టాను" అంది. ఇక దాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

రెండు గూళ్ళ మధ్య గోడ తీసేసి ఒక ఇంటివాళ్ళంతా కలిసి పట్టేలా చేస్తానంది. ఒకే ఇంట్లో ఒకే కంచంలో తినేవాళ్ళు గదిలో కలిస్తే కొత్తగా వచ్చే జ్వరం ఏమీ లేదని బోర్డును ఒప్పించే పూచీ కూడా తనదే అంది. పసిపిల్లల్ని పడుకోబెట్టి ఒళ్ళు తుడవడానికి నడుమెత్తు బల్ల ఒకటి వేయిస్తుందట, పిల్లాడు పడకుండా దానికి బెల్టు. బొమ్మ గీసి చూపించింది. నేను కూడా భేష్ అన్నాను.

వైశాఖ పౌర్ణమి

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఇవాళ కొత్త గది తెరిచాం. పౌర్ణమి పోటు, సముద్రం పొద్దున్నుంచీ తెప్పను ఊయల ఊపుతోంది. మొదట ఏడో తెప్ప వీరరాఘవమ్మ గారు ఇద్దరు మనవళ్ళతో వచ్చింది. చిన్నవాడికి మూడో నెల. ఆవిడ ఆ బల్ల వైపు చూసి నా వైపు చూసింది.

"ఏంటే రత్నం ఇది? పిల్లోణ్ణి పెనం మీద అట్టులా పడేసి తిరగేత్తారా?"

అప్పుడు చూడాలి మా తెలివి. మా తెప్పల మీద పసిపిల్ల పని నిలబడి చేసే మనిషి ఎవరైనా ఉన్నారా? నేను చేశానా? నేల మీద కూర్చుని, కాళ్ళు బారచాపి, ఆ కాళ్ళ మీద పిల్లను పడుకోబెట్టి లాల పోయడమే మాకు తెలిసిన విద్య. ఇద్దరు పిల్లల్ని అలాగే పెంచిన నేను ఆ బల్ల బొమ్మ చూసి తల ఊపాను.

వీరరాఘవమ్మ గారు చీర మోకాళ్ళ పైకి లాక్కుని నేల మీద కూర్చుంది. కాళ్ళు చాపింది. గది పొడవు చాలక పాదాలు గుమ్మం బయటికి వచ్చాయి. తలుపు మూసుకోదు.

"గుమ్మంలో అడ్డు ఉంది. దయచేసి తొలగించండి" అన్నాడు మునసబు.

"అడ్డు కాదురా, అయి నా కాళ్ళు!"

ఎలాగో మోకాళ్ళు ముడిచి తలుపు వేయించుకుంది. కాళ్ళ మీద పసివాణ్ణి, ఆవిణ్ణి కలిపి మునసబు ఒకే మనిషిగా లెక్కేశాడు. స్నానం అయ్యాక వాణ్ణి తువ్వాలులో చుట్టి పక్కన పడుకోబెట్టేసరికి లెక్క పెరిగింది. "అదనంగా ఒకరు ప్రవేశించారు" అని వేడిగాలి ఆపేసి రెండువైపులా తలుపులు బార్లా తెరిచేశాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం వాడు. బయట క్యూ అంతా నోరు తెరుచుకుని చూస్తోంది. ఆవిడ తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పను.

గోరుచుట్టు మీద రోకటి పోటులా, ఆ వెనకే వచ్చిన ఒక చిన్న తల్లి పాపం బల్ల వాడి చూద్దామనుకుంది. ఒక్క అల వచ్చి తెప్ప వాలింది. పిల్లాడు బెల్టుకు వేలాడాడు. దెబ్బ తగల్లేదు గానీ ఆ పిల్ల వాణ్ణి గుండెలకు కరుచుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ వస్తుందన్న ఆశ నాకు లేదు.

నూకరాజు కూడా క్యూలోనే ఉన్నాడు. ముసలావిడ మోకాళ్ళు కనబడ్డ దగ్గరనుంచీ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి చూస్తే లేడు.

వైశాఖ బహుళ తదియ

హైమవతి, నేను గూళ్ళ ముందు నేల మీద కూర్చున్నాం. నూకరాజును నేనే పిలిపించాను. వాడి చొక్కా అంచు పట్టుకుని పైడి కూడా వచ్చింది. గూళ్ళు కనబడగానే తండ్రి కాళ్ళ వెనక్కి పోయింది.

నేను పాత గది కావాలన్నాను. బెంచీ ఎంత ఎత్తు, మేకులు ఎక్కడెక్కడ, గుమ్మం ఎటువైపు, అన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పాను. హైమవతి శ్రద్ధగా సుద్దముక్కతో నేల మీద గీసింది. గీసి, "మరి ఇందులో నూకరాజు గారు ఎక్కడ కూర్చుంటారు?" అంది.

"వాడెందుకు కూర్చుంటాడు? ఇది ఆడవాళ్ళ గది. మగవాళ్ళది అవతలి గోడ పక్క."

"మరి పైడి?"

"మాతో ఉంటుంది. ఏం పైడీ, నాతో రావూ?"

పైడి ఇంకో అడుగు వెనక్కి వేసింది. నూకరాజు దాని తల నిమురుతూ, నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"నేనూ ఆ గదిలో పెరిగినోణ్ణేనత్తా. సూరమ్మవ్వ నా తల కూడా తుడిసేది. ఏడేళ్ళొచ్చాక, ఇంక మొగోళ్ళ గదికెళ్ళరా అన్నారు. అక్కడ ఎవరూ తుడవరండి. లాగు బొందు ముడి పడిపోతే ఇప్పడం రాక తడిలాగుతోనే ఇంటికెళ్ళేవోణ్ణి. గోడకి అటేపు మీ అందరి నవ్వులూ ఇనపడేయి. ఆ గోడకి చెవి ఆనించుకుని నిలబడేవోణ్ణి."

ముప్పై ఏళ్ళు ఆ గదిలో నవ్వాను. అవతల ఎవరైనా వింటున్నారేమోనని ఒక్కసారి కూడా అనుకోలేదు. నాకు ఆ గది మీద ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు, కానీ నేల మీద సుద్దగీతల్లో అది చాలా చిన్నదిగా కనబడింది.

"గోడ తీసేద్దాం" అన్నాను.

"ఏ గోడ?" అంది హైమవతి.

"అదే. మధ్యది."

వైశాఖ బహుళ ఏకాదశి

కొత్త గది తయారైంది. ఈసారి బొమ్మ గీసే ముందు హైమవతి తనే నేల మీద కూర్చుని కాళ్ళు చాపి, ఒక చివర నుంచి ఇంకో చివరకు తాడుతో కొలిపించుకుంది. వీరరాఘవమ్మ గారిని కూడా కూర్చోబెట్టి కొలిచింది. ఆవిడ ఇంత పొడుగు కాళ్ళ మనిషి కాబట్టి ఇక ఎవరికైనా సరిపోతుందంది.

ఎనిమిది గూళ్ళు కలిపి ఒకే గది. ఆడా మగా తేడా లేదు, ఇంటికొక అరుగు. అరుగు జానెడెత్తు, వీపు ఆనుకోవడానికి గోడ, కాళ్ళు చాపుకునేంత పొడవు, కింద వెచ్చదనం. పక్కనే కుళాయి, చెంబు. నీళ్ళు వాలుగా జారి పోతాయి, తెప్ప ఎంత ఊగినా పిల్లాడు పడేందుకు చోటు లేదు, ఉన్నదే నేల కనక. అరుగుకీ అరుగుకీ మధ్య తెర. ఆ తెర నేల దాకా రాదు, మూరెడు పైనే ఆగిపోతుంది. పెద్దవాళ్ళు తెర చాటున బట్టలు మార్చుకుంటున్నా పిల్లలకు వాళ్ళ పాదాలు కనబడుతూనే ఉంటాయి. మేకులు పిల్లలకు అందే ఎత్తులో కొట్టారు. నీలం వెలుతురు ఇప్పుడు నెత్తి మీద నుంచి కాక గోడ అడుగున పడుతోంది. తడిబట్టలు ఎవరివి వాళ్ళ అరుగు పక్క మూత డబ్బాలోకే పోతాయి, జ్వరం మాట ఎవరూ మరిచిపోలేదు. ఒక అరుగు ఒక ఇల్లు అని హైమవతి మునసబుకు నేర్పింది. వాడిక తలలు లెక్కపెట్టడు.

పిల్లలు దీన్ని లాల గది అంటున్నారు. మునసబు కూడా అలాగే పిలుస్తున్నాడు.

నూకరాజు అరుగు మీద కొడుకుని కూర్చోబెట్టి, తను గొంతుక్కూచుని ఒంటి చేత్తో తంటాలు పడుతున్నాడు. పిల్లాడు సబ్బుతో చేప పిల్లలా జారిపోతున్నాడు.

"కూర్చుని కాళ్ళు చాపరా" అన్నాను.

"మొగోణ్ణి, నాకెందుకత్తా ఇయ్యన్నీ? భవానొచ్చాక అదే పోత్తది."

"భవాని వచ్చేసరికి వీడికి మీసాలొస్తాయి. కూర్చో."

లుంగీ పైకి మడిచి, నలుగురూ చూస్తారేమోనని అటూ ఇటూ చూసి కూర్చున్నాడు. మడమలు కలపమన్నాను. పిల్లాడి తల పాదాల వైపు ఉండేలా వెల్లకిలా పడుకోబెట్టించాను. నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెట్టి, నీళ్ళు కళ్ళలో పడకుండా పోయడం నేర్పాను. మొదటి చెంబుకే పిల్లాడు కాళ్ళాడిస్తూ కేరింతలు కొట్టాడు. ఆఖరి నీళ్ళు చేతిలోకి తీసుకుని, తల చుట్టూ తిప్పి, "శ్రీరామరక్ష, నూరేళ్ళు ఆయుష్షు" అనమన్నాను. వాడికి సగం మాటలే వచ్చాయి. పక్క అరుగుల మీద ఆడవాళ్ళు నవ్వారు. ఈసారి వాడు కూడా నవ్వాడు.

పైడి అదంతా చూస్తూ నిలబడింది. "నాకూ" అంది.

దాని పొడవుకు తండ్రి కాళ్ళు చాలవు. తల పాదాల మీద పెడితే కాళ్ళు వాడి పొట్ట మీదికి వచ్చాయి. అయినా కళ్ళు మూసుకుని కర్రలా పడుకుంది. నూకరాజు పోస్తున్నాడు. నీళ్ళు చెవుల్లోకి పోతున్నాయి, ముక్కు మీంచి జారుతున్నాయి, పిల్ల నవ్వుతోంది.

"నీళ్ళంటే భయమన్నావు?" అన్నాను వాడితో.

వాడు చెంబు ఆపేసి కూతురి మొహం వైపు చూశాడు. "పొయ్యి నాన్నా" అంది అది.

జ్యేష్ఠ శుద్ధ పంచమి

లాల గది కిటకిటలాడుతోంది. జలుబులు, చెవిపోట్లు ఒక్కసారే తగ్గిపోయాయి. ఇవాళ మధ్యాహ్నం ఎవరో పప్పుచెక్కల డబ్బా తీశారు, అరుగుల వెంట అది ఒక చుట్టు తిరిగి ఖాళీగా వెనక్కి వచ్చింది. నా ప్రాణం లేచొచ్చింది.

పైడి సంగతే తెమలడం లేదు. ఇప్పుడు తనే ముందు పరుగెత్తుకెళ్ళి కొలనులో దిగుతుంది. మెట్ల మీద గెంతుతుంది, నీళ్ళు కొడుతుంది, బుడగలు ఊదుతుంది. వెల్లకిలా మాత్రం తేలదు. ఈత మేష్టారు వీపు కింద చెయ్యి పెడితే ఆ చెయ్యినే పట్టుకుని వేలాడుతుంది. నూకరాజు లోతు లేని చోట నీళ్ళలో కూర్చుని కాళ్ళు చాపి వాటి మీద పడుకోబెట్టాడు. ఎంతసేపైనా పడుకుంటుంది. కాళ్ళు కదిలాయంటే చాలు, కళ్ళు తెరిచి లేచి కూర్చుని నీళ్ళు మింగుతుంది. అలా ఎన్నిసార్లు చేశారో నేను చూడలేక లోపలికి వచ్చేశాను.

సాయంత్రం వాడు నా దగ్గరికి వచ్చాడు. "సామాన్లు సర్దేత్తన్నానత్తా. నవమి నాడు పరీక్ష, తెల్లారితే కార్తె. దానికి రాదు."

"నాలుగు రోజులుంది కదరా."

"గట్టు మీద బడి ఉంటాదంట. కొండలుంటాయంట. భవానికి కబురెట్టాలి. ఏవని పెట్టమంటారు? నువ్వు ఒచ్చేసరికి మేం ఉండవని పెట్టనా?"

కోపం వచ్చింది నాకు. వాడి మీద కాదు, ఎవరి మీదో తెలియదు. ఇంత గది కట్టుకుని, ఇంతమంది పిల్లలు తేలుతూ ఉంటే, ఎవరి కోసం మొదలుపెట్టామో ఆ పిల్ల మునిగిపోతుందా? చుట్టుపక్కల వాళ్ళు ఓదార్చబోతే కసిరాను. వాడు మాత్రం చెంబు పట్టుకుని కూర్చుండిపోయాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "లాల పోసేటప్పుడు నా కాళ్ళ మీద కునుకు కూడా తీత్తాది కదత్తా. నీళ్ళు పడతన్నంతసేపూ కళ్ళు తెరవదు" అన్నాడు. అని చెంబుతో సహా లేచి వెళ్ళాడు.

జ్యేష్ఠ శుద్ధ నవమి

ఆకాశం నల్లగా ఉంది. గాలికి కొలనులో నీళ్ళు కూడా వాలుతున్నాయి. కొలను చుట్టూ మూడు తెప్పల జనం. హైమవతి గట్టు నుంచి వచ్చింది, ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని నిలబడింది. పిల్లలు ఒక్కొక్కరే తేలారు. తేలినంతసేపూ లెక్కపెట్టి, లెక్క నిండి మునసబు గంట కొట్టినప్పుడల్లా ఒక తల్లి ఏడ్చింది.

ఆఖరున పైడి. నూకరాజు లోతు లేని చోట కూర్చుని, మోకాళ్ళు కాస్త ఎత్తి కాళ్ళు చాపాడు. చేతిలో లాల గది చెంబు. పైడి వాడి కాళ్ళ మీద పడుకుని కళ్ళు మూసుకుంది.

"పెద్దవారు తాకుతున్నారు. లెక్క మొదలు కాలేదు" అన్నాడు మునసబు.

నూకరాజు పట్టించుకోలేదు. చెంబు ముంచి పిల్ల పొట్ట మీద పోశాడు. మళ్ళీ ముంచాడు, మళ్ళీ పోశాడు. ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. పోస్తూ పోస్తూ ఒక మోకాలు కిందికి దించాడు. తర్వాత రెండోది. కాళ్ళు అడుగుకు ఆనాయి. పిల్ల ఉన్నచోటే ఉంది. ఒక చేత్తో నేల నెట్టుకుంటూ వాడు కొంచెం కొంచెం వెనక్కి జరిగాడు. రెండో చెయ్యి బారచాపి చెంబు మాత్రం ఆపలేదు.

"లెక్క మొదలైంది."

తాకకూడదని నిబంధన ఉంది, నీళ్ళు పోయకూడదని లేదు. మునసబు కాదనలేదు. ఒక అల వచ్చి పైడిని పక్కకు తోసింది. నా గోళ్ళు హైమవతి చేతిలో దిగాయి. పిల్ల అలతో పాటే కదిలింది, మొహం ఆకాశం వైపే ఉంది. ఇంకాస్త దూరమైంది, చెంబు నీళ్ళు ఇక అందలేదు. అయినా నూకరాజు ముంచి పోస్తూనే ఉన్నాడు, ఒట్టి నీళ్ళ మీద.

గంట మోగింది.

పైడి కళ్ళు తెరిచింది. పక్కన ఎవరూ లేరు. తలతిప్పి, అంత దూరాన చెంబు పట్టుకుని కూర్చున్న తండ్రిని చూసింది.

"నాన్నా, నీ కాళ్ళేయి?"

"ఇయ్యిగోనమ్మా. నా కాడే ఉన్నాయి."

అప్పుడు మునిగింది. తనే లేచింది, నీళ్ళు ఉమ్మింది, కోపంగా వాడి దగ్గరికి నడిచొచ్చి, "నాకు చెప్పకుండా తీసేత్తావా!" అని గుండెల మీద రెండు చేతులా కొట్టింది. వాడు కొట్టించుకుంటూ కూర్చున్నాడు. నేను బాహాటంగా ఏడ్చాను. నా వయసులో సిగ్గేమిటి?

తర్వాత లాల గదిలో వాళ్ళ అరుగుకు తువ్వాలు ఇవ్వడానికి వెళ్ళాను. పసివాడు పక్కన పడుకుని ఉన్నాడు. పైడి గోడకు వీపు ఆనించి, తన బుల్లి కాళ్ళు రెండూ బారచాపి, మడమలు కలిపి కూర్చుంది.

"ఇప్పుడు నువ్వు పడుకో నాన్నా" అంది.

నూకరాజు అరుగు కింద తడినేల మీద వెల్లకిలా పడుకుని, తల ఒక్కటీ ఎత్తి ఆ కాళ్ళ మీద ఆనించాడు. పైడి తన అరచెయ్యి వాడి నుదుటి మీద అడ్డం పెట్టి, రెండో చేత్తో చెంబు ఎత్తలేక ఎత్తలేక పోసింది. వాడు ఏడుస్తున్నాడు. నీళ్ళు కళ్ళలో పడ్డాయనుకుని పైడి కంగారుపడి, చేతిని ఇంకా గట్టిగా అదిమి, "అయిపోయింది నాన్నా, అయిపోయింది" అంది.